మిషను లేచేదాకా

కంప్యూటరు బాగుచేసే అతను మొన్న మా ఇంటికి వచ్చాడు. నా పాత కంప్యూటరుకు స్విచ్ వేస్తే, తెర మీద ఏదైనా కనబడేలోగా కాఫీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి రావచ్చు. అంత సేపు పడుతోంది. అతను దాన్ని కాసేపు అటూ ఇటూ చూసి, "దీంట్లో రెండు సిస్టములుండాయి మేడం. కొత్తది వేసినోళ్లు పాతదాన్ని తియ్యకుండా వదిలేసినారు. స్విచ్ వేస్తానే ఇది ముందు ఆ పాతదాని కోసం తిరుగుతాంది. తీసేద్దునా?" అన్నాడు.

నేను ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను.

"దాంట్లో ఏమన్నా దాచుకున్నారా మేడం?"

"ఏమీ లేదు నాయనా, తీసెయ్యి" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ గట్టు పట్టుకుని నిలబడితే ఏడుపు ఆగలేదు. పాతదాన్ని తియ్యకుండా వదిలేశారన్న మాట నేను మొదటిసారి విన్నది ఆదోనిలో, ఒక పత్తి మిల్లు ఆఫీసులో, టెలిఫోను చెవికి పెట్టుకుని. అప్పుడు పక్క గదిలో మిషను ముందు కూర్చున్న మనిషి ఇప్పుడు లేదు. లేక చాలా కాలమైంది.

ఆమె పేరు రాయను. గోనెగండ్లలో ఆమె వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడక్కుండా రాయడం నాకు బాగనిపించలేదు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడ కూడా అక్క అనే రాస్తాను.

అక్క ఈల వేసేది. ఆడపిల్ల ఈల వేయకూడదని మా ఇంట్లో చెప్పి పెంచారు కాబట్టి, మొదటి రోజు నేను ఉలిక్కిపడి చుట్టూ చూశాను. చర్చిలో పాడే పాటలన్నీ ఆమె ఈలలోనే నాకు తెలుసు. మాటలు తెలియవు. చీర కుచ్చెళ్ల దగ్గర ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు మూట కట్టుకుని ఉండేది. పొట్టు ఊది, గింజలు నా చేతిలో సగం పోసి, మిగతావి తను నోట్లో వేసుకునేది. ఎడమచేత్తో రాసేది. ఎవరైనా "టైపిస్టమ్మా" అని పిలిస్తే పలికేది కాదు. రెండోసారి పిలిస్తే తల తిప్పి, "ఆపరేటర్ని" అనేది.

ఆమె గొంతు పెద్దది. మిల్లులో గింజ తీసే యంత్రాల మోతను దాటి గేటు దాకా వినబడేది. పెళ్లి సంబంధాల గురించి నేనడిగితే, "నా జీతం సూసి వస్తారు, నా గొంతు ఇని పోతారు. పోనీలే మ్మే, సెవులు బాగుండేటోడు ఎవడో ఒగడు వస్తాడు" అని నవ్వేది.

వాళ్ల అమ్మానాయనలు కూలికి పోయేవాళ్లు. నాయన ఆమె చిన్నప్పుడే పోయాడు. ఆమె హాస్టల్లో ఉండి చదువుకుంది, టైపు నేర్చుకుంది, తర్వాత బళ్లారి పోయి కంప్యూటరు కోర్సు చేసి వచ్చింది. నేను మాధవరం నుంచి వచ్చినదాన్ని. మా నాన్న గుడిలో వంట చేసేవాడు. మా అమ్మకు ఉబ్బసం. ఇద్దరికీ ఆ మిల్లులోనే మొదటి ఉద్యోగం. ఎనభైల చివర ఆదోనిలో కంప్యూటరున్న ఆఫీసులంటే వేళ్ల మీద లెక్క. దాన్ని ఒక అద్దాల గదిలో పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని బోర్డు కట్టారు. సాయంత్రం పోయేటప్పుడు దాని మీద తెల్లటి దుప్పటి కప్పేవాళ్లం. గుడిలో స్వామికి పవళింపు సేవ చేసినట్టుండేది. ఈ మాట నేనంటే అక్క, "మీ సామి అన్నా పొద్దున్నే లేస్తాడు" అంది.

నిజమే. ఆ మిషను లేచేది కాదు. పొద్దున స్విచ్ వేస్తే ముందు గుర్రుమనేది, తర్వాత తెర మీద ఏవో వరుసలు మెల్లగా పాకేవి, ఆగేవి, మళ్లీ పాకేవి. అంతసేపు మేమిద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చునేవాళ్లం. అక్క మాటిమాటికీ దాని నెత్తిన అరచెయ్యి ఆనించి చూసేది, పిల్లకు జ్వరముందేమో చూసినట్టు. "దేవరగట్టులో దసరాకు కట్టెల కొట్లాటలో దెబ్బ తిని పడినోడు కూడా ఇంతలో లేసి కట్టు కట్టించుకోని ఇల్లు సేరతాడు. ఇది బిన్నా లేసేట్లు లేదు" అనేది. నాకైతే అది తొందరగా లేవకపోయినా బాగుండేది. ఆమె మాటలన్నీ ఆ సేపట్లోనే విన్నాను. హాస్టల్లో పారిపోయిన కోడిపుంజు కథ, వాళ్లమ్మ రాత్రి బడికి పోయి తన పేరు రాయడం నేర్చుకుని ఊరి గోడలన్నిటి మీదా బొగ్గుతో రాసిన కథ. ఎప్పటికైనా గోనెగండ్లలో పిల్లలకు కంప్యూటరు నేర్పించే బడి పెడతాననేది. "కరెంటు ఉండదు గదక్కా ఆడ" అంటే, "కరెంటొచ్చే దాకా బోర్డు మీద బొమ్మ గీసి నేర్పిస్తా" అనేది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. ఆమె జొన్నరొట్టె నాకు, నా చిత్రాన్నం ఆమెకు.

నీళ్లు మాత్రం ఆమె తన గ్లాసులోనే తాగేది. ఆఫీసులో మట్టికుండ ఉంది, దాని మీద రెండు స్టీలు గ్లాసులున్నాయి. మా మేనేజరు మిల్లు సావుకారుకు బావమరిది. అక్క చేరిన కొత్తలో ఆ కుండలో గ్లాసు ముంచబోతే, ఆయన ఒక మాటా అనకుండా నౌకరును పిలిచి కుండను తోమించి మళ్లీ నీళ్లు పోయించాడట. మరునాడు ఆమె ఇంటి నుంచి ఒక గ్లాసు, ఒక సీసా నీళ్లు తెచ్చుకుంది. నాకు ఇదంతా నౌకరు చెప్పాడు. ఆమె ఎన్నడూ చెప్పలేదు.

పత్తి కాలం మొదలైతే ఆ మిషనుతో చావొచ్చేది. రైతులు బండ్ల మీద పత్తి తోలుకొచ్చేవాళ్లు. తూకం అయ్యాక కంప్యూటరు చీటీ ఇస్తే తప్ప బండి లోపలికి పోకూడదని సావుకారు కొత్తగా రూలు పెట్టాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయిన ప్రతిసారీ మిషను మళ్లీ మొదటి నుంచి లేవాలి. అది లేచేలోగా గేటు ముందు బండ్లు రోడ్డు దాకా నిలబడిపోయేవి. అందుకని మాలో ఒకరు మిషను దగ్గర, ఒకరు గేటు దగ్గర ఉండేవాళ్లం. గేటు దగ్గర ఉన్నవాళ్లు తూకాలు చేత్తో రాసుకుని, రైతులను ఆగమని చెప్పి, మిషను లేచాక అవన్నీ ఎక్కించాలి. అక్క గొంతు పెద్దది కాబట్టి ఎక్కువగా గేటు ఆమెకే పడేది. ఆ రైతుల్లో సగం మంది ఆమెకు తెలిసినవాళ్లే. వాళ్ల చేలల్లో వాళ్లమ్మ కూలికి పోయింది. "ఇంగెంతసేపు పాపా?" అని వాళ్లడగడం, "రోంత ఆగప్పా, మిషను లేస్తాంది" అని ఆమె చెప్పడం. రోజంతా అదే.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. గోనెగండ్ల నుంచి వచ్చిన ఒక ముసలాయన బండి గేటు ముందు పొద్దుటి నుంచీ నిలబడి ఉంది. వరస తప్పితే వెనకబడిపోతానని ఆయన ఎద్దులను విప్పలేదు. ఉన్నట్టుండి కాడి కింద ఒక ఎద్దు ముందుకాళ్ల మీద కూలబడింది. నోట్లోంచి నురగ. ముసలాయన దాని మెడ పట్టుకుని, "ల్యాయ్ నాయనా, ల్యాయ్ నా సామీ" అని ఏడుస్తున్నాడు.

నేను అద్దాల గదిలోంచి చూస్తున్నాను. అక్క గేటు దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆఫీసులోకి వచ్చి, మట్టికుండను అమాంతం ఎత్తి చంకన పెట్టుకుని, అట్లాగే బయటికి పోయింది. ఎద్దు తల మీద, చెవుల మీద నీళ్లు పోసి, మిగిలినవి కుండతోనే దాని మూతి దగ్గర పెట్టింది. మేనేజరు గుమ్మంలోకి వచ్చి, "ఏయ్, తాగే నీళ్లు! కుండ యెవర్ని అడిగి తీసినావ్?" అని అరిచాడు.

అక్క వెనక్కి తిరగలేదు. "ఎద్దుకు మైల ల్యాదు గదా సార్" అంది.

రైతులెవరూ నవ్వలేదు. మేనేజరు లోపలికి పోయాడు. ఎద్దు కొంతసేపటికి లేచి నిలబడింది. ఖాళీ కుండ తెచ్చి యథాస్థానంలో పెట్టి, అక్క నా దగ్గరికి వచ్చి కూర్చుంది. తడిసిన కొంగు పిండుకుంది.

"ఇంగ నా నోటితో నేను ఆగమని సెప్పను మ్మే. దీనికేం రోగమో కనుక్కోవాల."

ఆ రోజు నుంచి ఆమెకు ఈల లేదు, చెనిక్కాయలు లేవు. మిషను లేచేటప్పుడు తెర మీద పాకే వరుసలనే కళ్లార్పకుండా చూసేది, ఒక కాగితం మీద రాసుకునేది. చివరికి ఆమెకు ఒకటి అర్థమైంది. మా మిల్లుకు కంప్యూటరును మొదట అమ్మినవాళ్లు ఒక సిస్టమ్ పెట్టారు. అది నచ్చక సావుకారు ఇంకొకరి చేత వేరేది పెట్టించాడు. పాతదాని పేరు ఇప్పటికీ ప్రతి పొద్దునా తెర మీద కనబడుతోంది. సావుకారును అడిగి, రెండోసారి పెట్టినవాళ్లకు హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేసింది.

కాల్ మరునాడు మధ్యాహ్నానికి కలిసింది. ఫోను మేనేజరు గదిలో, మిషను అద్దాల గదిలో. నేను ఫోను దగ్గర, ఆమె మిషను దగ్గర. మధ్య తలుపు తీసిపెట్టి, ఇంజనీరు చెప్పింది నేను అరిచి ఆమెకు చెప్పాలి. లైనులో గాలి హోరు. అతను అంతా విని, "కొత్తది వేసినప్పుడు మావాళ్లు పాతదాన్ని తియ్యకుండా వదిలేశారమ్మా. మిషను ముందు దాన్ని వెతుక్కుంటూ పోతోంది. దాని ఫైళ్లన్నీ ఒకటొకటి చూసుకున్నాక గానీ కొత్తదాని దగ్గరికి రావడం లేదు" అన్నాడు.

"ఏమంటాండాడు?" అని అక్క అరిచింది.

"మొదలయ్యేటప్పుడు చదివే ఫైలు తెరవమంటున్నాడు. పాతదాని పేరున్న వరుసలు తీసెయ్యాలంట. కిందివి ముట్టుకోవద్దంట. ముట్టుకుంటే మిషను ఎప్పటికీ లేవదంట."

"మెల్లగ సెప్పు. మిల్లంతా ఇంటాది" అంది. తర్వాత, "తీసినా. ఇంగ?"

"ఇప్పుడు పాతదాన్ని మొత్తం తుడిచెయ్యాలంట. ఈ సీజను లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నారా అని అడుగుతున్నాడు."

"నిన్ననే ఎక్కించినా."

"అయితే తుడవమంటున్నాడు. ఒకసారి తుడిస్తే మళ్లీ రాదంట. బాగా చూసుకోమంటున్నాడు."

నేను ఫోను తీగ సాగినంత మేరా వెనక్కి వంగి చూశాను. అక్క వేలు మీట మీద పెట్టి, నా వైపే చూస్తోంది.

"ఇది బిన్నా లేసిందంటే, మనిద్దర్లో ఒకరు సాలు. తెల్సునా నీకు?" అంది.

నేను నవ్వాను. ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది కదా. "లైను తెగిపోతుందక్కా" అన్నాను.

ఆమె మీట నొక్కింది.

తుడవడం అయ్యాక మిషను ఆపి మళ్లీ వేసింది. నేను ఫోను పెట్టేసి పరుగెత్తుకుని వచ్చేసరికి తెర మీద తూకం చీటీ వచ్చి నిలబడి ఉంది. ఇద్దరం నమ్మలేక మళ్లీ ఆపి వేశాం. మళ్లీ అంతే. అక్క దాని నెత్తిన చెయ్యి పెట్టి, "పాపం, ఇన్నాళ్లూ ఎవురికోసమో తిరుగుతా ఉన్నింది" అంది. ఆ సాయంత్రం గేటు ముందు ఒక్క బండి లేదు. ఆమె ఈల వేసుకుంటూ బస్సెక్కింది.

నెల తిరక్కుండానే సావుకారు మమ్మల్ని పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. మాట మెత్తన.

"మిషను బాగయింది, సంతోషం. ఇప్పుడు గేటు కాడ మనిషి పని లేదు. ఒగరుంటే సాలు" అని, నా వైపు తిరిగి, "నువ్వుండమ్మా. గుళ్లో పనిచేసే ఇల్లు, మన ఇండ్ల పిల్లవు" అన్నాడు. అక్క వైపు చూడలేదు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బాగుచేసింది అక్క. నాకంటే ముందు చేరింది కూడా. ఉంచితే ఆమెనే ఉంచండి" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. సావుకారు చేత్తో, ఇక పొమ్మన్నట్టు సైగ చేశాడు.

బయటికి వచ్చాక అక్క నన్ను తిట్టింది. ఆమె నన్ను తిట్టడం అదొక్కసారే.

"అన్నిట్లో తల దూర్చొద్దు. నిన్ను గూడా పీకేస్తే మీయమ్మకు మందులు యెవురు తెస్తారు? నేను యాడో ఒకతావ సేరతా. ఎమ్మిగనూర్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరమ్మ కావాలంటాండారు."

"నీకు ముందే తెలుసు కదక్కా?"

"తెలుసు."

"మరి ఎందుకు చేశావు?"

ఆమె తన గ్లాసును కడిగి, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుంది. "ఆ ముసలాయప్ప మా నాయనను ఎరుగు మ్మే. నాయన పోయిన దినం మా ఇంటికి గంజి తెచ్చిచ్చినాడు. ఆయన్ని ఎండలో నిలబెట్టి ఆగు ఆగు అంటా ఉంటే, నాకు రాత్రి ముద్ద దిగలా" అంది.

ఆ ఏడు వానలు లేవు. పై ఏడూ లేవు. నేను సెలవు దొరికినప్పుడు మాధవరం పోతూ, ఎమ్మిగనూరులో బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి ఆమె కోసం చూసేదాన్ని. ఒకసారి దిగి టైపు ఇన్‌స్టిట్యూట్ వెతుక్కుంటూ పోతే తలుపుకు తాళం ఉంది. పక్క కొట్టువాడు, ఫీజు కట్టేవాళ్లు లేక మూసేశారన్నాడు.

ఆమెను చివరిసారి చూసింది ఎమ్మిగనూరు బస్టాండు దగ్గరే. మా బస్సు పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాని నిండా మనుషులు, చాపలు, బిందెలు, కట్టెల మోపులు, కోళ్లు. సుగ్గికి పోతున్నారు. మా వైపు కరువొచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే పనుల కోసం గుంటూరు దిక్కుకు లేచిపోతాయి, దాన్ని సుగ్గి అంటాం. ఆ లారీ పైనుంచి ఈల వినబడింది. తలెత్తితే అక్క. మూటల మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ఎండకు నల్లబడి, ముఖం చిక్కిపోయింది. నవ్వు మాత్రం అదే.

నేను బస్సు దిగి లారీ దగ్గరికి పరుగెత్తాను. "అక్కా, నువ్వెందుకు దీంట్లో?"

"మిరపకాయలు కోసేదానికి. మాయమ్మ ఒగతే పోతానంటే యెట్ల పంపేది? కండ్లు సరిగ్గ కనపడవు ఆమెకు."

"నువ్వు ఆపరేటరువి అక్కా!"

ఆ మాట ఎందుకన్నానో. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా వైపు తిరిగి చూశారు. ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగింది.

"అయితే ఏమి, ఆపరేటరుకు ఆకలి కాదా?" అని మళ్లీ నవ్వింది. "మిషను ఎట్లుండాది?"

"బాగుంది."

"బిన్నా లేస్తాందా?"

"లేస్తోంది."

"అది సాలు. పో, నీ బస్సు పోతాది" అంది. లారీ కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు. రెండు చేతులతో వాళ్లమ్మను పట్టుకుని ఉంది.

ఆ తర్వాత పత్తి కాలంలో ఒక పొద్దున, ఇంకా మిల్లు మొదలు కాలేదు, గేటు దగ్గర కాపలా ఆయన వచ్చి నన్ను ఎవరో ముసలామె అడుగుతోందని చెప్పాడు. పోయి చూస్తే అక్క వాళ్లమ్మ. నా ముఖానికి దగ్గరగా వచ్చి, కళ్లు చికిలించి చూసింది.

"మాధవరం అమ్మివి నువ్వేనా?"

"నేనేనమ్మా. అక్క ఎట్లుంది?"

"మా యమ్మి ల్యాదు మ్మా" అంది, ఊళ్లో లేదు అన్నంత మామూలుగా. "మిరపసేన్ల కాడ సలిజొరం వచ్చింది. గుడిసెలో పండుకోబెట్టి, పోతాదిలే అనుకుంటిమి. పోలా. ఎద్దులబండి మీద ఆస్పత్రికి తోలకపోతాంటే, దోవలోనే పాయె. ఆడనే పూడ్సిపెడితిమి. ఊరికి గూడా తెచ్చుకోల్యాకపోతిమి."

నేను గేటు కమ్మీ పట్టుకున్నాను. ఏడుస్తుంటే ఆమే నా వీపు నిమిరింది. కొంతసేపయ్యాక, "నేనొగటి అడగాలని వస్తి. ఆ మిషను ఒగసారి సూపిస్తావా?" అంది.

నేను ఎవరినీ అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. మేనేజరు కుర్చీలోంచి సగం లేచి, ఏదో అనబోయి, నా ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆమె చెప్పులు లేని కాళ్లను అద్దాల గది గుమ్మం దగ్గర చీర అంచుతో తుడుచుకుంది.

"మా యమ్మి కూసునేది యాడ?"

కుర్చీ చూపించాను. దాని చేతులను తడిమి చూసింది గానీ, దాంట్లో కూర్చోలేదు. పక్కన నేల మీద చతికిలబడి, కాళ్లు బారజాపుకుని, వీపును గోడకు ఆనించుకుంది.

"ఇంగ వెయ్యి మ్మా. అది లేసేదాకా మీరిద్దరూ కూసోని మాట్లాడుకునేటోళ్లంట గదా. ఇంటికొస్తే అదే సెప్పేది. నేనూ కూసుంటా రోంతసేపు."

స్విచ్ వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె నా వైపే చూస్తోంది. వేశాను. ఆమె కొంగు సర్దుకునేలోగా తెర వెలిగింది, తూకం చీటీ వచ్చి నిలబడింది.

"లేసిందా?" అంది.

"లేచిందమ్మా."

ఆమె ఆ వెలుగు వైపు కళ్లు చికిలించి చూస్తూ ఉండిపోయింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా పైకి లేచింది.

"మా యమ్మి పని సక్కంగానే సేసింది" అంది.